పళ్లతో విన్న చప్పుడు

మొన్న మాఘమాసంలో మా వీధిలో ఒక నిశ్చితార్థం జరుగుతుండగా పిల్లవాడి తండ్రి పంచె తడిసింది. కొత్త తెల్ల పంచె. తడిసింది పసుపునీళ్లతో. తడిసిన చోటు ఎలాంటిదంటే, ఆయన లేచి నిలబడి కారణం వివరించేకొద్దీ జనం తలలు పక్కకు తిప్పుకున్నారు. కారణం మాత్రం చాలా చిన్నది. ఆయన ఒళ్లో పెట్టిన కంచుగిన్నె అడుగున వెంట్రుకంత పగులు ఉంది. పావుగంట ముందే మా వీధి బుచ్చిరాములు ఆ గిన్నెను గోటితో ఒక్కసారి కొట్టి, కుడిచెవి దగ్గర పెట్టుకుని, "గిది పగిలింది" అని చెప్పి తాంబాలంలో పెట్టేశాడు. శుభకార్యంలో ఇదేం మాటని పిల్లవాళ్ల తరఫువాళ్లు ఆయనను వెనక వరుసకు పంపారు.

పంచె ఆరింది. సంబంధం నిలిచింది. నిలవనిది బుచ్చిరాములు పేరు ఒక్కటే. గిన్నె పగిలి ఉంది గనక ఆయన చెప్పాడా, ఆయన కొట్టాడు గనక గిన్నె పగిలిందా అన్న ప్రశ్న వచ్చింది. మా వీధి పెద్దగా ఆలోచించకుండా రెండోదానికే ఓటేసింది. అప్పటి నుంచి ఆయన నడిచి వస్తుంటే ఎదురింటావిడ మామిడికాయ తొక్కు జాడీని లోపలికి తీసుకుపోయేది. అరుగు మీద చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసు మీద అరచెయ్యి మూసేవాళ్లు. నేను కూడా ఒకసారి మూశాను. వేడికి చెయ్యి కాలింది, అది వేరే సంగతి.

ఇంట్లో భార్య యాదలక్ష్మి సంగతి చెప్పనే అక్కర్లేదు.

"నీ గోరు కోసి పారేస్త. బొట్టు పెట్టి పిలిచెటోళ్లు సుత పిలుస్తలేరు నన్ను."

"పగిలినదాన్ని పగిలిందన్న. నేను పగలగొట్టిన్నానే?"

"పగిలిందని చెప్పెటోనికంటె పగలగొట్టెటోడు నయం. వాడన్న నోరు మూసుకోని పోతడు."

బుచ్చిరాములుది నేత కుటుంబం. తండ్రి గుంతమగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. ఈయన పద్దెనిమిదేళ్లకు భివండి పోయి మరమగ్గాల మీద పడ్డాడు. అక్కణ్నుంచి సోలాపూర్. అక్కడ మగ్గాలు మూతపడితే, పక్క వీధిలో ఇనుము పోతపోసే కార్ఖానా గేటు ముందు నిలబడ్డాడు. అది క్యాం షాఫ్టులు పోసే కార్ఖానా. క్యాం షాఫ్టు అంటే ఇంజను లోపల తిరిగే ఒక కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలుంటాయి. కడ్డీ తిరిగినప్పుడల్లా గుడ్డు మొన వచ్చి ట్యాపెట్ అనే చిన్న గుండును పైకి నెడుతుంది, దాంతో వాల్వు తెరుచుకుంటుంది. మగ్గం కింద కాలితో తొక్కితే పైన దారాలు లేచినట్టు. నేతగాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆయన పని చప్పుడు వినడం. పోతపోసి చల్లార్చిన షాఫ్టును కొక్కేనికి వేలాడదీస్తారు. చిన్న ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ. ఖంగుమని సాగితే మంచిది. దబ్బుమని చచ్చిపోతే లోపలెక్కడో పగులుంది. అలా పంతొమ్మిదేళ్లు కొట్టాడు, విన్నాడు.

ఆ పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి తప్పు చేశాడు. దీపావళి ముందురోజు, బస్సుకు టైమవుతోంది, ఒక షాఫ్టు కొంచెం దబ్బుమంది. మళ్లీ కొట్టి చూడాలి. చూడలేదు. మంచివాటి వరుసలోకి నెట్టేసి బస్సెక్కాడు. పండగ చేసుకుని వచ్చేసరికి లారీ వెళ్లిపోయింది. అది ఏ ఇంజనులోకి పోయిందో, ఏ ఘాటు రోడ్డు మీద తిరుగుతోందో ఈనాటికీ తెలియదు. నాకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాయ్ గ్లాసును వేలితో తాకాడు గాని కొట్టలేదు.

సిద్దిపేటకు తిరిగి వచ్చి ఏడేళ్లయింది. కరీంనగర్ రోడ్డు పక్కన చిన్న షట్టరు కిరాయికి తీసుకుని డీజిలు పంపులు, జనరేటర్లు బాగుచేస్తాడు. పక్క షట్టరు నా జిరాక్సు దుకాణం. అందువల్లే ఈ కథలో నేను ఇరుక్కున్నాను.

మే నెల మూడో వారం. వరుసగా నాలుగు రోజులు నలభై మూడు డిగ్రీలు. సాయంత్రం నాలుగు దాటితే పడమటి నుంచి మట్టిరంగు మబ్బు లేవడం, ఈదురుగాలి కొట్టడం, ఎక్కడో చెట్టు తీగల మీద పడి కరెంటు పోవడం రోజూ జరుగుతోంది. ఒకరోజు పొద్దున్నే సుశీలమ్మ కాగితాలు జిరాక్సు చేయించుకోడానికి వచ్చింది. నారాయణరావుపేట దారిలో ఆమెకు కోళ్ల షెడ్డుంది. భర్త రాజకీయాల్లో ఉంటాడు, అంటే ఇంట్లో ఉండడు. షెడ్డు ఆమెదే. నాలుగు వైపులా పరదాలు మూసి, పెద్ద ఫ్యాన్లతో గాలి లాగే షెడ్డు. తొమ్మిదివేల కోళ్లు. రెండు రోజుల్లో వాటి కోసం లారీ వస్తుంది.

"జనరేటరు దగ్గుతున్నదన్నా," అంది. "నిన్న మాపటికి కరెంటు పోయినప్పుడు రెండుమాట్ల ఆగబోయి లేశింది. ఫ్యాన్లు ఆగితె ఇర్వై నిముషాలు అన్న. గంతే. మొత్తం పోతయి."

మంచి మెకానిక్కును తెస్తానన్నాను. ఎవరిని అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. నా తప్పు అదే.

తొమ్మిదింటికి బుచ్చిరాములును టీవీఎస్ మీద ఎక్కించుకుని షెడ్డుకు చేరాను. గేటు దగ్గర మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి రావాలి. నా చెప్పు ఒకటి తొట్టిలోనే ఉండిపోయింది. దాన్ని వెతుకుతుండగా సుశీలమ్మ బయటికొచ్చి ఆయనను చూసి అక్కడే ఆగిపోయింది. పంచె సంగతి నారాయణరావుపేట దాకా పాకింది మరి.

"గీ కాకానా?" అంది నాతో, మెల్లగా అనుకుని గట్టిగా. "వద్దన్నా. నా జనరేటరును గాయిన కొట్టద్దు. కొట్టి ఏమన్న అంటె గదే అయితదట."

బుచ్చిరాములు నొచ్చుకోలేదు. సంచిలోంచి చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు.

"నేను కొట్ట బిడ్డా. కొరుకుత."

ఇంజను స్టార్టు చేయించాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను పక్కగోడకు ఆనించి, చెక్కపిడిని పళ్ల మధ్య పెట్టి గట్టిగా కరిచాడు. కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు ఇద్దరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన అంగుళం అంగుళం జరుపుతూ మొత్తం ఇంజనును కొరుక్కుంటూ పోయాడు. నడుమ సిలిండరు దగ్గర ఆగాడు. చాలాసేపు కదల్లేదు. నవ్వుతున్నవాళ్లు నవ్వు మానేశారు.

ఇంజను ఆపించి, ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని ఎండలోకి వచ్చాడు. నల్లటి ఆయిలులో సన్నటి మెరుపులు కదులుతున్నాయి.

"ఏంది కాకా గది? తళతళ మెరుస్తుంది?"

"నీ షాఫ్టు బిడ్డా. అరిగి ఆయిల్ల కలుస్తున్నది. ఎన్నడు మార్చిన్రు?"

షాఫ్టు మార్చి మూడు నెలలైందట. గజేందర్ అని సిద్దిపేటలో స్పేరుపార్టుల దుకాణం ఆయన, ఇంజను విప్పినప్పుడు పాత పోత షాఫ్టును తీసేసి, ఇది గట్టిదని ఫోర్జింగు షాఫ్టు వేశాడు. అంటే ఎర్రగా కాల్చి కొట్టి చేసిన ఉక్కు.

"ఇంక ఎన్ని రోజులొస్తది?" అంది సుశీలమ్మ.

"రోజులు కాదు బిడ్డా. గంటలు అడుగు. మాపటికి గాలి లేస్తె గప్పుడు లేస్తదో లేవదో నేను చెప్పలేను."

"మరి ఇప్పుడే మార్చు."

"మారుస్త. గని ఇంజను విప్పితె ఆరు గంటలు పడ్తది. గా ఆరు గంటలల్ల కరెంటు పోతె నీ దగ్గర జనరేటరే లేదు."

ఆమె షెడ్డు వైపు చూసింది. పరదాల వెనక తొమ్మిదివేల గొంతులు ఒకే మోతగా వినబడుతున్నాయి. విప్పకపోతే సాయంత్రం పోవచ్చు. విప్పితే ఈ లోపే పోవచ్చు. గడియారం తొమ్మిదిన్నర. భర్తకు ఫోను చేసింది. ఆయన ఎవరి పెళ్లిలోనో ఉన్నాడు, బ్యాండు మోతలో ఏం వినబడలేదు. ఫోను కొంగులో ముడేసుకుంది.

"విప్పు," అంది.

కొత్త పోత షాఫ్టు హైదరాబాదు నుంచి రావాలి, రేపటికి గాని రాదు. పాతది ఏదని అడిగాడు బుచ్చిరాములు. పాత ఇనుప సామాన్లకు వేశారేమో అనుకున్నాం. వెయ్యలేదు. మూడు నెలలుగా అది దాణాగది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. తుప్పు పట్టింది. ఆయన డీజిలు గుడ్డతో తుడిస్తే తుప్పు కింద గుడ్డు మొనలు అద్దాల్లా బయటపడ్డాయి. కొలిచాడు. అరుగుదల లేదు. కానీ మూడు నెలల్లో ఆ తలుపు దాన్ని ఎన్నిసార్లు కింద పడేసిందో ఎవరికి తెలుసు? లోపల పగులుంటే?

సుతిలితాడుతో షెడ్డు దూలానికి వేలాడదీశాడు. ఇత్తడి సుత్తి తీశాడు. సుశీలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఈసారి కొట్టక తప్పదు.

ఒక దెబ్బ కొట్టి చెవి దానికి దగ్గరగా పెట్టాడు. మొహంలో ఏమీ లేదు. మళ్లీ కొట్టాడు.

"ఏమైంది కాకా? పగిలిందా?"

ఆయన సుత్తి దించాడు. "నాకు ఇనబడ్తలేదు బిడ్డా."

"అంటె?"

"కార్ఖానల చెవులు పోయినయి. చెడ్డ సప్పుడు మందంగ ఉంటది, గది ఇనబడ్తది. మంచి సప్పుడు సన్నగ ఉంటది. మంచి సప్పుడు ఇనక ఏడేండ్లాయె."

ఆరేళ్లుగా పక్క షట్టరులో ఉన్నాను, నాకే తెలియదు. చెయ్యి కాల్చుకుంటూ నేను గ్లాసు మూసినప్పుడు ఆయనకు నా గ్లాసు చప్పుడు వినబడేదే కాదు. అది మంచి గ్లాసు.

ఆయన సుత్తిని ఆమె చేతికిచ్చాడు. "ఇప్పుడు నాకు ఏం ఇనబడలే. అంటె బాగున్నట్టు. లేకుంటె నా చెవి ఇంకింత పోయినట్టు. నువ్వు కొట్టి చెప్పు."

"నేనా? నేను కొట్టినంక పగిలితె?"

"సుత్తికి నా పేరు తెల్వదు, నీ పేరు తెల్వదు. కొట్టు."

ఆమె కళ్లు మూసుకుని కొట్టింది. నాకూ వినబడింది. సన్నటి తీగలాంటి మోత, సాగుతూ సాగుతూ పోయింది. ఆమె మెల్లగా కళ్లు తెరిచింది.

"కొత్త బిందె లెక్క మోగుతుంది కాకా. ఇంకా ఆగలే."

కొత్త ట్యాపెట్లు ఆరు కావాలి. తేవడానికి నన్ను సిద్దిపేటకు తరిమారు. గజేందర్ సంగతి విని నవ్వాడు. దుకాణం గోడకున్న ఫోర్జింగు షాఫ్టు ఒకటి తీసి, బల్ల ఎక్కి, పైనుంచి నేల మీదికి వదిలాడు. గచ్చు పెచ్చు లేచింది. షాఫ్టుకేం కాలేదు.

"చూసినవా? విరిగిందా? గా ముసలాయన పోత షాఫ్టును గిట్ల పడెయ్యమను. నేను గుడ వస్త నడు."

పదకొండింటికి వచ్చాం. ఇంజను అప్పటికే విప్పి, ముక్కలన్నీ గోనెసంచి మీద వరుసగా పెట్టి ఉన్నాయి. గజేందర్ వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంది కాకా, దెబ్బలు కొట్టి చేసిన ఉక్కును తీసేసి, ఇడ్లీ లెక్క పోసినదాన్ని పెడ్తవా?"

"ఇడ్లీనే గజేందరూ. గని పోసే అచ్చుల ఎక్కడెక్కడ గుడ్డు మొనలొస్తయో, గాడ ముందే సల్లటి ఇనుప బిళ్లలు పెడ్తరు. కరిగిన ఇనుము గా బిళ్లకు తాకంగనే గడ్డకడ్తది. మొన అద్దం లెక్క గట్టిగైతది. లోపల మెత్తగనే ఉంటది. పోసుట్లనే రెండు పనులైతయి. మల్ల కాల్చుడు లేదు, ఎక్కువ చెక్కుడు లేదు."

"అద్దం లెక్కనే విరుగుతది గుడ."

"దెబ్బ పడ్తె విరుగుతది. పిస్టను తిప్పే క్రాంకు మీద దెబ్బ పడ్తది, గాడ నీ ఉక్కే కావాలె, నేను సుత గదే పెడ్త. దీని మీద దెబ్బ ఏడ పడ్తది? పొద్దుమాపు రుద్దుడే. కొట్టుడుకు ఉక్కు, రుద్దుడుకు పోత. పోత ఇనుముల పెన్సిలు మసి ఉంటది, ఆయిలును పట్టుకుంటది, ఇంజను వణుకుడును మింగుతది."

"అయితె పెద్ద పెద్ద బండ్లల్ల ఫోర్జింగు ఎందుకేస్తరు?"

"మంచిగ చేసి ఏస్తరు కాబట్టి. మొనలకు నిప్పుల పదును పెడ్తరు. నీకు అమ్మినోడు పెట్టలే. ఇగ చూడు."

బయటికి తీసిన ఉక్కు షాఫ్టును అందించాడు. గజేందర్ నడుమ గుడ్డు మొన మీద గోరు పెట్టి గీశాడు. గోరు గాడిలో దిగింది. మొన సగం పోయి, గుడ్డు గుండ్రాయి అయింది. గజేందర్ చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, పానా తీసుకుని పక్కన కూర్చున్నాడు.

పన్నెండు. ఒంటిగంట. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. ఫ్యాన్ల మోత వస్తున్నంతసేపు ఎవరికీ అది వినబడలేదు, కాస్త తగ్గినట్టనిపిస్తే చాలు అందరి తలలూ ఒక్కసారి లేచేవి. రెండింటికి పడమట సన్నటి గీత కనిపించింది. మూడింటికి అది గోడంత అయింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. వేపచెట్టు మీద కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. రోజూ నాలుగు దాటాక వచ్చేది ఆవేళ మూడున్నరకే కదిలింది.

మూడు నలభైకి ఫ్యాన్లు ఆగాయి.

అంత పెద్ద నిశ్శబ్దాన్ని నేను ఎప్పుడూ వినలేదు. తర్వాత పరదాల వెనక కోళ్ల గొంతు మారింది. సుశీలమ్మ పరుగెత్తి పరదాల తాళ్లు కోసేసింది. బయట గాలే లేదు, లోపలికి ఏం వస్తుంది? నేను గోనెసంచి పట్టుకుని విసరడం మొదలుపెట్టాను. తొమ్మిదివేల కోళ్లకు ఒక్క గోనెసంచి. ఒక కోడి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"ముప్పై ఆరు," అని అరిచింది ఆమె, గోడ మీద వేడి కొలిచే మీటరు చూసి. "ముప్పై ఏడు కాకా!"

"ట్యాపెట్ల సందులు తర్వాత చూసుకుందాం, బిగించి లేపు!" అన్నాడు గజేందర్.

బుచ్చిరాములు పల్చటి ఇనుప రేకును ఒక్కొక్క వాల్వు దగ్గర దూర్చి సందు సరిచూస్తున్నాడు. నాలుగు అయ్యాయి. రెండున్నాయి.

"కాకా, సస్తున్నయి!"

"ఒకపారి దీపావళి బస్సుకు ఉరికిన బిడ్డా," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా. "ఇంక ఉరుక."

ఐదు. ఆరు. మూత బిగించాడు. అప్పుడే గాలి వచ్చి తాకింది, దాంతోపాటు మన్ను. రేకులు కొట్టుకున్నాయి. వేపకొమ్మ ఒకటి విరిగి గజేందర్ చొక్కాతో సహా ఎగిరిపోయింది. స్టార్టు నొక్కితే ఇంజను మూలిగి ఆగింది. రెండోసారి మూలిగి ఆగింది. మీటరు ముప్పై తొమ్మిది. మూడోసారి నల్లటి పొగ ఒక్కసారి కక్కి, అందుకుంది.

ఫ్యాన్లు కదిలాయి.

ముందు వరుసలో నలభై మూడు కోళ్లు పోయాయి. మిగిలినవి రెక్కలు దించుకుని, ఒక్కొక్కటే నోళ్లు మూశాయి. సుశీలమ్మ వాటి మధ్యే ఊక మీద కూలబడింది.

బయట చీకటి కమ్మినట్టుంది, వాన మొదలైంది, ఉరుము ఆగడం లేదు. కరెంటు ఆ రాత్రికి రాదని అందరికీ తెలుసు. తెల్లారేదాకా అంతా ఆ ఒక్క కడ్డీ మీదే ఉంది. బుచ్చిరాములు స్క్రూడ్రైవరు తీసి, ఇంజనుకు ఆనించి, పళ్లతో కరిచాడు. సుశీలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమినబడ్తుంది కాకా?"

ఆయన నడుమ సిలిండరు దగ్గర చాలాసేపు ఉండి, తల అడ్డంగా ఊపాడు. ఏమీ వినబడటం లేదు. ఆమె మొహం పాలిపోబోయి, పొద్దున ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి, నెమ్మదిగా సర్దుకుంది.

గజేందర్ చొక్కా లేకుండా, వానకు తడిసి, తన ఉక్కు షాఫ్టును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"అంత మంచిదే గని కాకా, చెయ్యి జారి కింద పడ్తె రెండు తున్కలైతది గద నీ షాఫ్టు?"

బుచ్చిరాములు పళ్ల మధ్య నుంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"అందుకే గద గజేందరూ, ఇంజను లోపట పెట్టిన."